బూకర్ వాషింగ్టను మహాశయుని విద్యాదీక్ష

విద్యాదానమునకు చేయి చాచు మన పోషకులును, ఆ దానమును పొందు బాలురును సమముగా నెరుగదగిన చరిత్రమని తలచి, బూకర్ టి. వాషింగ్టను జీవితమును మే మిచట సంగ్రహించుచున్నాము.

ఈతడు 1856వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమందు బానిసగా జన్మించెను. తండ్రి యెవరో యాతడెరుగడు. యజమానుని బిడ్డ పుస్తకములు మోసికొని బడివాకిలి వరకు పోవుటయే బాల్యమున నాతనికి దక్కిన చదువు. 1865లో దాస్యము తొలగగా, ఆ కుటుంబము పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ చేరెను. అచట ఉప్పు పీపాలపై మారుతండ్రికి గుర్తుగా వ్రాయుచుండిన 18 అను సంఖ్యయే యాతడు మొదట పోల్చుకొన్న వ్రాత. వేకువజామున కొలిమిలో పనిచేసి, పిదప బడికి పోయెడివాడు. ఆ దినములలో ముదుసలులు సైతము, మరణించులోపల బైబిలు చదువవలెనని, పిల్లల సరసన కూర్చుండి అక్షరములు దిద్దిరి.

1872లో దాదాపు 500 మైళ్ల దూరముననున్న హాంప్టను విద్యాలయమునకు బయలుదేరి, చేతిలోని పైకము చాలక, చాల దూరము నడిచి, దారిలో కాలిబాట పలకల క్రింద నిద్రించి చేరెను. ప్రవేశ పరీక్షగా గది నూడ్వుమనగా మూడుమారు లూడ్చి, నాలుగుమారులు తుడిచెను.

1881 జులై 4వ తేదీన అలబామాలోని టస్కిగీయందు 30 మంది విద్యార్థులతో పాఠశాల తెరచెను. రాష్ట్ర మేటేట నిచ్చిన 2,000 డాలరులు జీతములకే గాని, నేలకును కట్టడమునకును కావు. వాన కురిసినపు డొక విద్యార్థి గొడుగు పట్టగా నాతడు పాఠము చెప్పెను. అప్పుచేసి పొలము కొనెను. విద్యార్థులచేత ఇటుకలు కోయించెను. దాస్యమున చేసిన చాకిరి చాలదా, బడిలోను కాయకష్టమేనా యని తల్లిదండ్రులు నొచ్చుకొనిరి. ఇటుకల ఆవము మూడుమారులు చెడెను. అప్పు డాతడు తన గడియారమును 15 డాలరులకు కుదువబెట్టి నాల్గవమారు కాల్చి కృతార్థు డయ్యెను. గడియారము మాత్రము తిరిగి రాలేదు.

ఈతని మార్గమున లోపము లేదని మేము చెప్పజాలము. 1895లో అట్లాంటాయందు, రాజకీయ హక్కులకంటె వృత్తివిద్యకును ధనార్జనకును ముందుచోటిచ్చి యుపన్యసించెను. ఓటు లేనివాని సంపాదనకు రక్ష యేదియని డుబాయిస్ పండితుడు 1903లో ఖండించెను. ఆ ప్రశ్న న్యాయమైనది. వాషింగ్టనును రహస్యముగా హక్కుల వ్యాజ్యములకు ధనసహాయము చేసియుండెనని పిమ్మట తెలియవచ్చెను.

1915 నవంబరు 14వ తేదీన టస్కిగీలోనే యాతడు పరమపదించెను. ముప్పది మందితో మొదలైన బడిలో అప్పటికి సుమారు 1,500 మంది చదువుచుండిరి. అందలి కట్టడములు పెక్కు విద్యార్థులు కోసిన ఇటుకలతో లేచినవే.

పోషక మహాశయులారా! జీతములకు ధనము దొరకినను గోడలకు దొరకనిచో బడి నిలువదు. ఒకని గడియారము పోయినది. వేలమంది బిడ్డలకు నీడ యేర్పడినది. మన దానమును లెక్కించునపు డీ లెక్కను గూడ స్మరింతుము గాక.