హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) - రోగి సేవలో ఆదర్శ మహిళ

మరణశయ్యపై ఉన్న రోగికి సేవ చేయటం గొప్ప పుణ్యకార్యం. అయితే ఆ సేవ ఎలా చేయాలో కూడా మనం నేర్చుకోవాలి. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) జీవితం ఈ విషయంలో మనకు మంచి పాఠం.

ఇస్లాం తొలిరోజుల్లోనే ఆమె విశ్వసించారు. మక్కాలో దౌర్జన్యాలు పెరిగినప్పుడు భర్త హజ్రత్ జాఫర్ (రజి)తో కలిసి అబిసీనియాకు వలస వెళ్ళారు. హిజ్రీ 7 (క్రీ.శ. 628)లో మదీనా చేరారు. మరుసటి ఏడాదే ముఅతా యుద్ధంలో జాఫర్ (రజి) షహీద్ అయ్యారు. దుఃఖంలో ఉన్న ఆ ఇంటివారికి అన్నం వండి పంపమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆమెను వివాహమాడారు.

హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా జబ్బుపడ్డారు. ఇంట్లోని వారు ఆయన నోట్లో ఓ పక్కనుంచి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగులకు మందంటే అయిష్టం మామూలేనని వారు అనుకున్నారు. తేరుకున్నాక, వద్దన్నా ఎందుకు పోశారని ఆయన అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ మందు అబిసీనియా నుంచి వచ్చిన స్త్రీలకు తెలిసినది. ఈ సంఘటనను మనకు తెలిపిన వారిలో స్వయంగా అస్మా (రజి) ఒకరు. పొరపాటును దాచకుండా చెప్పటం ఆమె చేసిన మేలు.

కొన్ని నెలలకే హజ్రత్ ఫాతిమా (రజి) మంచం పట్టారు. చనిపోయాక తన దేహంపై వస్త్రం కప్పితే శరీరాకృతి తెలుస్తుందన్నది ఆమె బెంగ. అస్మా (రజి) ఆ బెంగను తేలిగ్గా కొట్టిపారేయలేదు. పచ్చి ఖర్జూర మట్టలు తెప్పించి, వంచి, పైన వస్త్రం పరచి, అబిసీనియాలో తాను చూసిన పద్ధతిని చూపించారు. ఫాతిమా (రజి) మనసు కుదుటపడింది.

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) తనకు గుస్ల్ ఇవ్వవలసిందిగా భార్య అస్మా (రజి)కే వసీయత్ చేశారు. ఆమె దాన్ని నెరవేర్చారు. ఆ రోజు చలి ఎక్కువ, పైగా ఆమె ఉపవాసంతో ఉన్నారు. తాను కూడా గుస్ల్ చేయాలా అని అడిగితే, అవసరం లేదని సహచరులు చెప్పారు. సేవ చేసేవారికి కూడా సౌలభ్యం కలిగించాలని దీన్నిబట్టి మనం గ్రహించాలి.

మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? మింగలేని రోగి నోట్లో పుణ్యమనుకుని జమ్‌జమ్ నీళ్ళు పోస్తాం. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. తడి దూదితో పెదవులు తడిపితే చాలు. రోగి వద్దని తల తిప్పుకుంటే బలవంతపెట్టకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి. బట్టలు మార్చేటప్పుడు సతర్ కాపాడాలి. ఒకే పక్కన పడుకోబెట్టి ఉంచితే పుండ్లు పడతాయి గనుక తరచూ మెల్లగా పక్కకు తిప్పాలి. చివరి ఘడియల్లో కలిమా మృదువుగా వినిపించాలే గాని, పలకమని పదేపదే వేధించరాదు. రాత్రంతా మేల్కొన్న ఇంటి ఆడపడుచులకు, కోడళ్ళకు కాసేపు విశ్రాంతినివ్వటం మగవారి బాధ్యత కూడా.

మాట పోయిన రోగి సైగను కూడా అర్థం చేసుకునే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.