చందా అడగడం నేర్పిన దుర్గాబాయమ్మ

పక్కింటికెళ్లి వినాయక చవితి చందా అడగాలంటేనే నాకు నోరు పెగలదు. అలాంటిది, పన్నెండేళ్లు నిండని పిల్ల ఐదు వేల రూపాయలు పోగుచేయించిందంటే నమ్ముతారా?

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి సంగతి ఇది. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారు. దేవదాసీలకు ఆయన్ని చూపించి తీరాలని ఈ పిల్ల పట్టు. ఐదు వేలు నిధి ఇస్తే సరేనన్నారు పెద్దలు. ఎలాగూ తేలేదనుకున్నారు కాబోలు! ఆ సొమ్ము దేవదాసీలే కూడబెట్టారు. తీరా సభలో ఆడవాళ్లు ఒంటిమీది నగలు కూడా తీసిచ్చారు. దుర్గ తన బంగారు గాజులు ఇచ్చేసింది.

1923లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. వసూళ్లలో మొహమాటమేమిటి మరి!

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. పెళ్లిళ్లు, పిల్లలతో చదువాగిపోయిన ఆడవాళ్లు అక్కడ చదువుకున్నారు, పనులు నేర్చుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యాక మహిళా సంస్థలకి గ్రాంట్లు ఇప్పించారు. ఉత్తినే కాదండోయ్, సంస్థ కూడా తన వాటా పోగుచేసుకోవాలి. దాంతో గడప దాటని ఇల్లాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని వీధిలోకి రావాల్సొచ్చింది, పైసా పైసాకీ లెక్క రాయాల్సొచ్చింది. రాష్ట్రాల బోర్డుల పెత్తనం కూడా ఆడవాళ్లకే అప్పగించారు.

1981 మే 9న ఆమె కన్నుమూసేనాటికి మద్రాసులోనే కాదు, హైదరాబాదులోనూ సభకి ఆస్పత్రి, కాలేజీలు ఉన్నాయి.