గోలీలే బాంబులు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. లండన్ మీద జర్మనీ విమానాలు బాంబులేస్తున్నయి. ఒక నాలుగేండ్ల పిల్లగాడు మంచం మీద కాగితం ఇండ్లు పేర్చి, ఒక్కొక్క ఇంటి కప్పు లేపి గోలీలు జారవిడుస్తున్నడు. గోలీలే బాంబులన్నట్టు. వాని ఆటల మనుషులు ఎప్పుడూ బతికి బయటవడ్తరు, కూలిన ఇల్లు మళ్ల లేస్తది. మళ్ల మళ్ల అదే ఆట. వాళ్ల నాయిన నిజం బాంబుకే సచ్చిపోయిండు, ఆ ముచ్చట మాత్రం వాడు ఎత్తడు. ఆర్నెల్లకు వాడే నోరు తెరిచి, నాయిన ఇగ రాడని చెప్పిండు.

ఈ ఆటను ఓపికతోని చూసి రాసిపెట్టినామె అన్నా ఫ్రాయిడ్. మనసు డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్ చిన్నబిడ్డ. 1895ల వియన్నాల పుట్టింది. మొదలు పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ. 1938ల హిట్లర్ సైన్యం ఆస్ట్రియాల దిగినంక గెస్టపో పోలీసులు ఆమెను ఒక దినమంతా పట్టుకపోయిన్రు. అదే ఏడు ఇల్లు విడిచి కుటుంబమంతా లండన్ చేరింది.

అక్కడ దోస్తు డొరొతీ బర్లింగ్‌హామ్‌తోని కలిసి హాంప్‌స్టెడ్‌ల యుద్ధపు పిల్లలకు నర్సరీలు పెట్టింది. తల్లి పక్కన ఉండి, ఆమె ధైర్యంగ ఉంటే పిల్లలు బాంబుల మోత కూడా తట్టుకుంటున్నరు, తల్లిని ఎడబాస్తేనే ఆగమైతున్నరు అని ఆమె గమనించింది. మనం మాత్రం ఇప్పటికీ చిన్నపోరలకు ఏం యాదుంటది అని తీసేస్తం.

అందుకే తల్లులు ఎప్పుడైనా వచ్చి చూసిపోవచ్చని తలుపు తెరిచిపెట్టింది. అందరు పిల్లల్ని అందరు ఆయాలు చూసుడు బంజేసి, నలుగురైదుగురు పిల్లలకు ఒక్క ఆయమ్మ అని చిన్న చిన్న కుటుంబాలు చేసింది. ఏ పిల్ల ఎవరి దగ్గర మెదులుతదో చూసే జతగట్టిన్రు. చెయ్యంగనే అంతా చక్కబడిందనుకునేరు, ముందుగాల లొల్లి పెరిగింది. మా అమ్మ నాదంటే నాదని ఏడ్పులు, కొట్లాటలు. పోగొట్టుకుంటమన్న బుగులు పిల్లలకు మళ్ల మొదలైంది మరి. కొన్ని దినాలకు ఆ గాలి తగ్గింది, మాటలు రాని పిల్లలకు మాటలొచ్చినయి. ఏడిసినందుకు భయపడి ఆ పద్ధతి ఆపేసి ఉంటే ఏమయ్యేదో.

1952ల ఆమె పిల్లల మనసుకు వైద్యం చేసే క్లినిక్ తెరిచింది. 1982ల పానం పోయేదాక అదే పని.

ఆమె రాతలల్ల నన్ను పట్టుకున్నది మాత్రం ఆరుగురు పిల్లల కథ. తల్లిదండ్రుల్ని నాజీలు సంపేసిన్రు. తెరెజీన్ క్యాంపుల పెరిగి, యుద్ధం అయిపోయినంక 1945ల ఇంగ్లండ్ వచ్చిన్రు. మూడు నాలుగేండ్లోళ్లు. సస్సెక్స్‌ల ఒక ఇంట్ల పెడితే బొమ్మలన్నీ పగులగొట్టిన్రు, పెద్దోళ్లను కొరికిన్రు, ఉమ్మిన్రు. తమల తాము మాత్రం ఒక్కపానం. ఒకడు కనవడకుంటే మిగిలినోళ్లు తల్లడిల్లుతరు. వాళ్లను విడదీయకుండ ఏడాది ఒక్కదగ్గరనే ఉంచిన్రు. మెల్లమెల్లగ ఏదైనా పంచుకునేటప్పుడు పెద్దోళ్లకూ వంతు రావాలని ఆ పిల్లలే పట్టుబట్టుడు మొదలువెట్టిన్రు.