82 రోజుల ఉపాధ్యక్షుడు: హ్యారీ ట్రూమన్

2024 జులైలో డొనాల్డ్ ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్ పేరు ప్రకటించగానే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఫోన్లు మోగిపోయాయి. వాన్స్ గారి భార్య ఉష మన చిలుకూరి వారి అమ్మాయి కావడమే కారణం. ఆ సెప్టెంబరులో మన బడి తెరిచాక మా తరగతిలో ఒక పిల్లవాడు, అధ్యక్షుణ్ణి అందరూ ఓట్లేసి ఎన్నుకుంటారు కదా అంకుల్, మరి పక్కన ఉండే ఆయన్ని ఎవరు ఎంచుతారు అని అడిగాడు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్ళి చదవడం మొదలుపెడితే హ్యారీ ట్రూమన్ దగ్గర ఆగిపోయాను.

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరి రాష్ట్రంలో లమార్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పేరు మధ్యలో ఉండే 'ఎస్' అక్షరానికి అర్థం ఏమీ లేదు! ఒక తాతగారి పేరులో షిప్, ఇంకో తాతగారి పేరు సాలమన్. ఎవరినీ నొప్పించకుండా ఒక్క అక్షరంతో సరిపెట్టారు. మన ఇళ్ళలో ఇద్దరు తాతల పేర్లూ కలిపి చాంతాడంత పేరు పెడతాం, వాళ్ళు పొదుపు చేశారు. చిన్నప్పటి నుంచీ దళసరి కళ్ళద్దాలు. ఆటలకు వెళితే అద్దాలు పగులుతాయన్న భయంతో పుస్తకాలు చదువుతూ, పియానో నేర్చుకుంటూ పెరిగాడు. ఇంట్లో డబ్బులేక కాలేజీ డిగ్రీ పూర్తి కాలేదు. బ్యాంకులో గుమాస్తాగా చేశాడు, ఆ తర్వాత పదేళ్ళకు పైగా పొలం దున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఫిరంగి దళానికి కెప్టెన్ అయ్యాడు.

తిరిగి వచ్చి 1919లో బెస్ వాలెస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడు మిత్రుడితో కలిసి కాన్సస్ సిటీలో మగవాళ్ళ దుస్తుల కొట్టు పెట్టాడు. 1922కల్లా అది దివాలా స్థితికి వచ్చింది. అయినా ఐపీ పెట్టకుండా ఏళ్ళ తరబడి అప్పులు తీరుస్తూనే ఉన్నాడు. ఆ రోజుల్లో కాన్సస్ సిటీ రాజకీయాలను టామ్ పెండర్గాస్ట్ అనే నాయకుడు నడిపేవాడు. అతని అండతోనే ట్రూమన్ జిల్లా స్థాయి పదవుల్లోకి, 1934లో సెనేట్‌లోకి వెళ్ళాడు. పెండర్గాస్ట్ తర్వాత ఆదాయపు పన్ను కేసులో జైలుకు వెళ్ళాడు. ఆ మచ్చ చాలాకాలం ట్రూమన్‌ను వెంటాడింది. ఆయన సొంతానికి డబ్బు తిన్నాడని మాత్రం ఎవరూ చూపించలేకపోయారు.

మచ్చ పోయింది 1941 తర్వాతే. యుద్ధ సామగ్రి కాంట్రాక్టుల్లో దుబారాను పట్టుకోవడానికి సెనేట్ ఒక కమిటీ వేసి ట్రూమన్‌కు అప్పగించింది. మొదట ఇచ్చింది 15 వేల డాలర్లే. నాసిరకం సరుకు, దొంగ లెక్కలు బయటపెట్టి ఆ కమిటీ ప్రభుత్వానికి వందల కోట్ల డాలర్లు ఆదా చేసిందని పేరు వచ్చింది.

ఇక 1944. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగోసారి పోటీ చేస్తున్నాడు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. దగ్గరి నాయకులకు అది కళ్ళకు కనిపిస్తూనే ఉంది, పైకి ఎవరూ అనరు. అంటే ఈసారి ఎంచేది ఉపాధ్యక్షుణ్ణి కాదు, రేపటి అధ్యక్షుణ్ణి. అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ కార్మికులకు ఇష్టుడు, కానీ దక్షిణాది నాయకులకూ పెద్ద నగరాల పార్టీ పెద్దలకూ అస్సలు గిట్టడు. జేమ్స్ బర్న్స్ సమర్థుడే, కానీ వర్ణ వివక్షను సమర్థించే దక్షిణాది మనిషి కాబట్టి కార్మిక సంఘాలూ నల్లవారూ ఒప్పుకోరు. అలా ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ పోతే ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని పేరు మిగిలింది. మన పెళ్ళి సంబంధాల్లో కూడా చాలాసార్లు ఇలాగే జరుగుతుంది కదా!

తమాషా ఏమిటంటే ట్రూమన్‌కు ఆ పదవి మీద ఆశ లేదు. చికాగో పార్టీ మహాసభకు బర్న్స్ పేరు ప్రతిపాదించడానికి ఒప్పుకుని వెళ్ళాడు. బ్లాక్‌స్టోన్ హోటల్ గదిలో పార్టీ అధ్యక్షుడు రాబర్ట్ హానెగన్ సాన్ డియెగోలో ఉన్న రూజ్‌వెల్ట్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ, ఆ మాటలు ట్రూమన్‌కు వినబడేటట్టు పట్టుకున్నాడు. యుద్ధం మధ్యలో పార్టీని చీల్చాలనుకుంటే ఆ బాధ్యత అతనిదేనని రూజ్‌వెల్ట్ చెప్పాడు. ట్రూమన్‌కు ఇక తప్పలేదు. జులై 21న మొదటి విడతలో వాలెస్‌కు 429.5, ట్రూమన్‌కు 319.5 ఓట్లు వచ్చాయి. (అర ఓటు ఏమిటని పిల్లలు నవ్వుతారు. కొన్ని రాష్ట్రాలు తమకున్న ఓట్ల కంటే ఎక్కువమందిని పంపి ఓటును పంచుకునేవి.) రెండో విడతలో గాలి మారి ట్రూమన్ గెలిచాడు.

1945 జనవరి 20న ప్రమాణ స్వీకారం చేశాడు. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రూజ్‌వెల్ట్ ఆయన్ని పిలిచి మాట్లాడిందే చాలా తక్కువ. అణుబాంబు తయారవుతోందన్న సంగతే చెప్పలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం బ్యాకప్ సర్వర్ పెట్టి అందులోకి డేటా పంపడం మరిచిపోతే ఉద్యోగం ఊడుతుంది. రూజ్‌వెల్ట్ ఎంత గొప్ప నాయకుడైనా ఇది ఆయన తప్పే అని నా అభిప్రాయం.

ఏప్రిల్ 12 సాయంత్రం వైట్ హౌస్ నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళగానే శ్రీమతి ఎలినార్ రూజ్‌వెల్ట్ తన భర్త పోయారన్న వార్త ఆమే చెప్పింది. ఏడు దాటి తొమ్మిది నిమిషాలకు ట్రూమన్ అధ్యక్షుడయ్యాడు. ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులు. ఆ రాత్రే యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ ఒక కొత్త ఆయుధం గురించి సూచనగా చెప్పాడు, పూర్తి వివరాలు ఏప్రిల్ 25న తెలిశాయి. నాలుగు నెలలు తిరగకుండానే, ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని నేటికీ వాదిస్తూనే ఉన్నారు, పెద్దయ్యాక మీరూ చదివి వాదించుకోండి.

1948లో తోడును ఎంచుకోవడం ఆయన వంతు అయ్యింది. మొదట సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్‌ని అడిగితే ఆయన రానన్నాడు. చివరికి కెంటకీ సెనేటర్, 70 ఏళ్ళ ఆల్బెన్ బార్క్లీ వచ్చాడు. పత్రికలన్నీ ఓడిపోతారన్న ఎన్నికలో ఇద్దరూ గెలిచారు. ఈసారి ట్రూమన్ ఊరుకోలేదు. 1949లో జాతీయ భద్రతా మండలిలో ఉపాధ్యక్షుడికి చట్టప్రకారం సభ్యత్వం వచ్చేలా చేశాడు. తాను గడిపిన చీకటి రోజులు బార్క్లీకి రానివ్వలేదు.

మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటి. 1951లో భారతదేశంలో తిండిగింజల కొరత వచ్చినప్పుడు 20 లక్షల టన్నుల ధాన్యం కొనుక్కోవడానికి 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చే చట్టం మీద సంతకం చేసింది ట్రూమనే.

1953లో పదవి దిగి, రైలెక్కి, ఇండిపెండెన్స్ ఊళ్ళోని అత్తవారింటికే వెళ్ళిపోయాడు. అప్పట్లో మాజీ అధ్యక్షులకు పింఛను లేదు. ఆ చట్టం 1958లో వచ్చింది. 1972 డిసెంబరు 26న, 88వ ఏట కన్నుమూశాడు. ఇండిపెండెన్స్‌లో ఆయన పేరున ఉన్న లైబ్రరీ ఆవరణలోనే భార్యాభర్తలిద్దరి సమాధులూ ఉన్నాయి. కాన్సస్ సిటీ వైపు వెళ్ళేవాళ్ళు ఒక పూట కేటాయించుకుంటే చూసి రావచ్చు.