మంచుపలకపై డాక్టరు గ్రెన్‌ఫెల్ గారు

ప్రయాణమునకు బోవువాడు మూట గట్టుకొనుట లోకసహజము. మూటలో నేమేమి యుండవలెనని యాలోచించువారు పెక్కండ్రు గలరు. ఏది మూటలో నుండవచ్చును, ఏది తన మేనిని విడువక యుండవలెను అని యాలోచించువారు మాత్రము కొందరే. ఈ భేదము ప్రాణములకు సంబంధించినదని స్వానుభవమున నెరిగిన మహనీయు లొకరి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా విన్నవింప నెంచితిమి. వారు లాబ్రడారు తీరమున వైద్యసేవ చేసిన సర్ విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ గారు.

వీరు 1865వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఇంగ్లాండు దేశమున పార్క్‌గేటు అను సముద్రతీర గ్రామమునందు జన్మించిరి. తండ్రిగారు మతగురువు, ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. బాల్యముననే వీరికి పడవలు నడుపుటయందును, తీరమున తిరుగులాడుటయందును మిక్కిలి ప్రీతి. లండనులో వైద్యశాస్త్రము నభ్యసించు దినములలో ఒక సాయంకాలము డి. ఎల్. మూడీ అను అమెరికా సువార్తికుని సభకు బోయి, తమ విద్యను దీనుల సేవకే వినియోగింపవలెనని నిశ్చయించుకొనిరి. పిదప సముద్రముపై చేపలు పట్టి జీవించువారికై యేర్పడిన మిషనులో వైద్యులుగా చేరిరి.

1892లో ఆల్బర్ట్ అను చిన్న యోడలో అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, న్యూఫౌండ్లాండు, లాబ్రడారు తీరములను చేరిరి. అచ్చటి బెస్తలకు వైద్యుడన్న మాటయే యరుదు. ఆ యొక్క వేసవిలోనే వీరు సుమారు 900 మంది రోగులను చూచిరి. మరుసటి యేడు బాటిల్ హార్బరునందు ఆసుపత్రి తెరువబడెను. పిమ్మట న్యూఫౌండ్లాండు ఉత్తరాగ్రముననున్న సెయింట్ ఆంథొనీ అను గ్రామము వీరికి నివాసస్థాన మయ్యెను.

మనకు మంచనగా పుష్యమాసపు వేకువను గడ్డిపోచలపై మెరయు తేమయే. ఆ దేశమున నట్లు గాదు. శీతకాలమున సముద్రమే గడ్డకట్టి దారి యగును. బాటలు లేని ఆ సీమలో వైద్యుడు రోగి యింటికి బోవలెనన్న, కుక్కలు లాగు జారుడుబండి తప్ప వేరు సాధనము లేకుండెను.

1908వ సంవత్సరము ఈస్టరు పండుగనాడు, గ్రెన్‌ఫెల్ గారు ఉదయారాధన ముగించి వచ్చుచుండగా అరువది మైళ్ల దూరమునుండి కబురు వచ్చెను. రెండు వారములకు పూర్వము వీరు శస్త్రచికిత్స చేసిన యువకుని కాలియెముకకు విషము సోకి ప్రాణాపాయ మేర్పడినదట. వీరు వెంటనే ప్రయాణ సన్నాహము చేసిరి. ఏప్రిలు మాసము గనుక మంచు మెత్తబడి మనుష్యుడు నీట బడుట సంభవమని వీ రెరుగుదురు. అందుచే ఔషధములు, శస్త్రములే గాక, మారు బట్టలు, మంచుపై నడచు పాదుకలు, తుపాకి, దిక్సూచి, గొడ్డలి, నూనెగుడ్డ దుస్తులు మున్నగునవన్నియు బండిపై పదిలముగా సర్దించిరి. ఆ మూటలో లోపమేమియు మాకు గానరాదు.

మార్గమధ్యమున నొక గ్రామమున రాత్రి గడిపి, మరునాడు దూరము కలిసివచ్చునని అఖాతముపై గడ్డకట్టిన మంచుమీదుగా సాగిరి. ఆవలి గట్టునకు కొలది దూరముననుండగా గాలి మారెను. అలలచే నలిగిన మంచు, గాలి యొత్తిడి తగ్గగానే విడిపోయి గంజివలె నయ్యెను. బండి క్రుంగుట చూచి గ్రెన్‌ఫెల్ గారు పగ్గములను కత్తితో గోసి కుక్కలను విడిపించిరి. వారును కుక్కలును నీటిలో బడి, ఈదుచు ఒక మంచుపలక నెక్కిరి, పిమ్మట దానికంటె పెద్దదగు మరియొక పలకను చేరిరి. బండి మాత్రము మునిగెను. దానితో మారుబట్టలు, గొడ్డలి, దిక్సూచి, ఆహారము సమస్తమును పోయెను. పైకోటు, టోపీ, చేతితొడుగులు సైతము నీటిపాలయ్యెను. మిగిలిన పలక యొక పక్క పది, ఒక పక్క పండ్రెండడుగులు. నేలమీదనుండి వీచు గాలి దానిని బహిస్సముద్రమువైపు త్రోసికొని పోవుచుండెను.

ఇట్టి వేళ వారి చెంత నేమి మిగిలినది? కత్తి. తొడలవరకు వచ్చు సీలుతోలు పాదరక్షలు. ఒంటిపైనున్న పలుచని దుస్తులు. నీరు చొరదని నమ్మి వెంట నుంచుకొనిన యగ్గిపుల్లల డబ్బీ. ఈ డబ్బీలో నీరు చొచ్చెను. పుల్లలు ముద్దయి పనికిమాలినవయ్యెను. తక్కినవి మాత్రము వారి ప్రాణమును నిలిపెను. పాదరక్షల పైభాగములను గోసి వీపునకు కవచముగా కట్టుకొనిరి. జీనుత్రాళ్లను విప్పి, ఆ పీచును బట్టలలో కూరుకొనిరి.

చలి యంతటితో నాగలేదు. రాత్రి గడచుట యసాధ్యమని తోచినప్పుడు, తమ యెనిమిది కుక్కలలో మూడింటిని, మూడీ, వాచ్, స్పై అనువానిని, తమ చేతులతోనే చంపవలసివచ్చెను. నమ్మి వెంట వచ్చిన మూగజీవులను చంపుట వారి హృదయమును కలచివేసెను. ఆ చర్మములను పైన కప్పుకొని, కళేబరములను గాలికి అడ్డముగా పేర్చి, బ్రదికియున్న పెద్దకుక్క నొకదానిని కౌగిలించుకొని రాత్రి గడపిరి. గడ్డకట్టిన కుక్కకాళ్లను త్రాటితో జోడించి ధ్వజస్తంభము చేసి, తమ చొక్కానే జెండాగా నెత్తి యూపిరి. తేట మంచుముక్కను భూతద్దముగా నుపయోగించి సూర్యకిరణములతో పొగ పుట్టింప వలెననియు యత్నించుచుండిరి.

దైవానుగ్రహమున ముందటి సాయంకాలమే తీరవాసులు కొందరు పలకపై మనుష్యాకారమును చూచియుండిరి. రాత్రి పడవ దింపుట యసాధ్యమై వేకువకై కాచియుండి, వెలుతురు రాగానే యైదుగురు మంచుముక్కల నడుమ ప్రాణములకు తెగించి పడవ నడిపి వారిని రక్షించిరి. చేతులు కాళ్లు చలికి దెబ్బతినుటచే వైద్యులే రోగియై ఆసుపత్రికి జేర్పబడిరి. ఒకటి రెండు దినములలో మంచు తొలగిపోగా ఆ యువకుని పడవలో దెచ్చిరి. శస్త్రచికిత్స జరిగి యతడు కోలుకొనెను. తమకొరకు ప్రాణములిచ్చిన మూడు కుక్కల పేర్లను గ్రెన్‌ఫెల్ గారు లోహఫలకముపై చెక్కించి తమ గృహమున నిలిపిరి. ఆ కథను 1909లో చిన్న పుస్తకముగ ప్రకటించిరి.

వారు పిమ్మట మూడు దశాబ్దములకు పైగా జీవించి, ఆసుపత్రులు, పాఠశాలలు, అనాథశరణాలయము, సహకార దుకాణములు నెలకొల్పిరి. చలిగాలి దూరనట్టియు, తేలికయైనట్టియు వస్త్రము కావలెనన్న వీరి యవసరమును తీర్చుటకై 1923 ప్రాంతమున ఇంగ్లాండులోని బర్న్‌లీ పట్టణమున నొక నేతమిల్లు యజమాని దట్టమైన నూలుబట్టను నేయించెను. అది నేటికిని గ్రెన్‌ఫెల్ వస్త్రమని వాసికెక్కియున్నది. 1927లో వారికి సర్ బిరుదు లభించెను. 1940 అక్టోబరు 9వ తేదీన పరమపదించిరి. వారి యస్థులు సెయింట్ ఆంథొనీలోనే నిక్షిప్తమైనవి.

నేడు ఆ తీరమున కుక్కలబండ్ల స్థానమును మంచుపై పరుగెత్తు మోటారుబండ్లు చాలవరకు ఆక్రమించినవి. 1959లో కెనడా దేశీయుడగు బొంబార్డియర్ గారు స్కీ-డూ అను చిన్నబండిని విక్రయమునకు దెచ్చినది మొదలు వాని వాడుక పెరిగెను. బండి మారినను అపాయము మారలేదు. పలుచని మంచు నేటికిని విరుగును. యంత్రము గంటలో దాటించిన దూరమును, అది చెడినపుడు కాలినడకను దాటుటకు దినమంతయు చాలదు. కావున అనుభవజ్ఞులు బండి పెట్టెలో గుడారము, అదనపు పెట్రోలు, ఆహారము నుంచినను, కత్తి, నిప్పు చేసికొను సాధనము, ఈల, దిక్సూచి జేబులలోనే యుంచుకొందురు. కొండవాలునుండి జారిపడు మంచులో పూడినవారి జాడ తెలుపు చిన్న రేడియో యంత్రమును కోటు క్రింద మేనికి కట్టుకొందురు. మంచు త్రవ్వు పార, గ్రుచ్చి వెదకు సన్నని కడ్డీ వీపుసంచిలోనే మోయుదురు. బండి పోయినను ఇవి పోరాదన్నదే వారి యుద్దేశము.

గ్రెన్‌ఫెల్ గారు మూట కట్టుటలో పొరబడలేదు. మూటయు తామును వేరగు నిమిష మొకటి రావచ్చునన్న సంగతి మాత్రము ఆ యుదయము వారికి తట్టలేదు. ఆ నిమిషమునకు మూల్యము మూడు కుక్కలు చెల్లించినవి. మన పాఠశాల విడిచి దూరదేశముల కేగు విద్యార్థులలో నెవరైనను ఒకనాడు మంచునేలపై అడుగు పెట్టవచ్చును. అట్టివారు బయలుదేరుటకు ముందు, తమ మూటను ఒక పక్కన నుంచి, ఇది లేకున్న నా యొద్ద నేమి మిగులునని జేబులు తడవి చూచుకొందురు గాక. అగ్గిపుల్లల డబ్బీని నీట ముంచి పరీక్షించుటయు మరువరాదు.