ఎక్కువగా పొందినవారి గురువు: రెవరెండు ఎండికాట్ పీబడీ (1857–1944)

ధ్యానము కొరకు: లూకా 12:48; మార్కు 10:17–27; యాకోబు 2:1–9



ఒంటెను, సూదిబెజ్జమును చూపి ధనవంతులనుగూర్చి మన ప్రభువు చేసిన హెచ్చరిక మనకందరికి తెలిసినదే. ఆ వాక్యము చదువబడినప్పుడు, అది మనకు కాదు, పట్నములో మేడలు గలవారికి అని తలంచి మనము ఊరకుందుము. అయితే ఆ మేడలలో పుట్టిన బిడ్డలకు ఆ హెచ్చరికను ఎవరు వినిపింతురు? బీదలయొద్దకు వెళ్లిన దైవసేవకుల చరిత్రలు మనము అనేకము వినియున్నాము. ధనికుల కుమారుల మధ్య 56 సంవత్సరములు నివసించి, వారికి సేవాధర్మము నేర్పుటకు పాటుపడిన ఒక బోధకుని చరిత్రను ఈ నెల ధ్యానింతము. ఆయన విజయములలోను, ఆయన పని అసంపూర్తిగా మిగిలిన చోటను మనకు పాఠమున్నది.

ఎండికాట్ పీబడీ 1857 మే 30వ తేదీన అమెరికా దేశములోని మసచూసెట్స్ రాష్ట్రమందు సేలెమ్ అను రేవుపట్టణమున జన్మించెను. ఆయన తండ్రి గొప్ప వర్తకుడు. బాలునికి 13 ఏండ్ల ప్రాయమున తండ్రి లండను నగరములోని మోర్గను బ్యాంకులో భాగస్థుడగుటచేత కుటుంబమంతయు ఇంగ్లండుకు తరలివెళ్లెను. అచ్చట ఎండికాట్ చెల్టెన్‌హామ్ పాఠశాలలోను, పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివి, న్యాయశాస్త్రము నభ్యసించెను. ఆయన ఎత్తైనవాడు, బలిష్ఠుడు, ఆటలలో ఆరితేరినవాడు. ఇంగ్లండులో నున్నప్పుడే ఆంగ్లికన్ సంఘారాధన ఆయన మనస్సును ఆకర్షించెను. కూలివారి కష్టములను తన గ్రంథములలో చూపిన చార్లెస్ కింగ్‌స్లీ అను బోధకుని తలంపులు కూడ ఆయనను కదిలించెను.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఆయన బోస్టను నగరములో డబ్బు వ్యాపారమందు కుదురుకొనెను. ఆ మార్గమున పోయినయెడల అపారమైన ధనము ఆయనకు చిక్కియుండును. గాని హృదయమునకు నెమ్మది లేకపోయెను. అప్పుడాయన బోస్టను ట్రినిటీ దేవాలయపు బోధకుడైన ఫిలిప్స్ బ్రూక్సును దర్శించి ఆలోచన అడిగెను. బేత్లెహేమును గూర్చిన ప్రసిద్ధమైన ఆంగ్ల క్రిస్మసు కీర్తనను వ్రాసినవాడు ఈ బ్రూక్సే. తరువాత పీబడీ వ్యాపారమును విడిచి, ఎపిస్కోపలు సంఘపు వేదాంత విద్యాలయములో చేరెను.

ఆ చదువు ముగియకమునుపే, 1882 జనవరిలో, ఆరిజోనా ప్రాంతమందలి టూంబ్‌స్టోన్ అను ఊరినుండి ఆయనకు పిలుపు వచ్చెను. అది వెండి గనుల ఊరు. త్రాగుడు, జూదము, తుపాకులు అచ్చట దినచర్యయై యుండెను. అంతకు మూడు నెలల క్రిందటనే, 1881 అక్టోబరు 26న, ఆ ఊరి వీధిలో కాల్పులు జరిగి ముగ్గురు చచ్చిరి. ఇంకను దీక్షపొందని ఈ 24 ఏండ్ల ధనికుని కుమారుడు గుఱ్ఱపు బండిమీద అచ్చట దిగెను. గని పనివారితో కలిసిమెలిసి తిరిగెను, వారితో ఆటలాడెను. సారా అంగళ్లలోనికి సహితము వెళ్లి, జూదరులను దేవాలయ నిర్మాణమునకు చందా అడిగెను. ఆరు నెలలలోనే మట్టి ఇటుకలతో సెయింట్ పాల్స్ దేవాలయము లేచెను. అది నేటికిని నిలిచియున్నది.

అక్కడనుండి తిరిగివచ్చిన పీబడీ మరియొక పనికి పూనుకొనెను. మసచూసెట్సులో, బోస్టనుకు వాయవ్యముగా సుమారు 35 మైళ్ల దూరముననున్న గ్రోటన్ అను గ్రామమున లారెన్సు సోదరులు స్థలమిచ్చిరి. 1884 అక్టోబరులో 27 మంది బాలురతో అచ్చట పాఠశాల తెరువబడెను. అప్పటికి గురువు వయస్సు కూడ 27 ఏండ్లే. ఫిలిప్స్ బ్రూక్సును, ధనకుబేరుడైన జె. పి. మోర్గనును ధర్మకర్తలలో నుండిరి. బాలురను కళాశాల చదువులకు సిద్ధపరచుట ఆ పాఠశాల పని. గాని పీబడీ ఉద్దేశము అంతటితో ఆగలేదు. ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నాల్డ్ చేసినట్లు, దేవాలయమును పాఠశాలకు హృదయముగా నుంచి, దేశమునకు సేవచేయు క్రైస్తవ పురుషులను తయారుచేయవలెనని ఆయన కోరెను. దేవుని సేవించుటయే నిజమైన ఏలుబడి అను భావముగల లాటిను వాక్యము పాఠశాలకు ధ్యేయవాక్యమాయెను.

దేశములోని మిక్కిలి ధనికులు తమ కుమారులు పుట్టగానే గ్రోటనులో పేరు వ్రాయించుచుండిరి. ఇంటియొద్ద సేవకులచేత చేయించుకొను ఆ బాలురకు గ్రోటనులో ఏమి దొరికెను? తలుపులేని చిన్న గదియొకటి, దానికొక తెర. తెల్లవారగానే చన్నీళ్ల స్నానము. ముఖము కడుగుకొనుటకు రేకు పళ్లెము. కోటీశ్వరుని కొడుకైనను వారమునకు చేతిఖర్చు 25 సెంట్లే. అందులో 5 సెంట్లు ఆదివారమున దేవాలయ కానుకలో వేయవలెను. అనగా అయిదింట ఒక పాలు దేవునిది. ప్రతి రాత్రి పండుకొనబోవునప్పుడు పీబడీగారును, ఆయన భార్య ఫ్యానీగారును నిలువబడి, ఒక్కొక్క బాలునితో చేయి కలిపి, మంచిరాత్రి చెప్పి పంపుచుండిరి. ఆ సమయమున ఆయన కన్ను తప్పించుకొనుట ఏ పిల్లవానికిని సాధ్యము కాకపోయెను.

లోకమునకు తలుపులు మూసికొనిన మఠమువలె ఆ పాఠశాల ఉండకూడదని ఆయన కోరెను. న్యూయార్కు మురికివాడల దుస్థితిని వ్రాసియు, ఛాయాచిత్రములు తీసియు దేశమునకు చూపిన జేకబ్ రీస్ వంటివారిని పిలిపించి బాలురకు వినిపించెను. వేసవిలో పట్టణపు బీద పిల్లల కొరకు న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి ఒక సరస్సు లంకలో శిబిరము నడిపింపబడెను. గ్రోటను విద్యార్థులు అచ్చట వారికి పరిచారకులై, ఈత నేర్పి, ఆటలాడించి, కాపాడుచుండిరి.

పాఠశాల మిషనరీ సమాజములో ఒక పెద్ద బాలుడు సభ్యుడుగా నుండెను. అతనికిని, అతని తోటివానికిని ఒక పని అప్పగింపబడెను. ఆ ఊరిచెంత 84 ఏండ్ల నల్లజాతి వృద్ధురాలు ఒంటరిగా నివసించుచుండెను. ఆమె భర్త అమెరికా అంతర్యుద్ధమున సేనలో డోలు వాయించినవాడు. ఆమె విధవరాలు. బాలురు వారమునకు రెండు మూడుసార్లు ఆమె యింటికి వెళ్లి, బొగ్గులు, నీళ్లు ఉన్నవో లేవో చూచి, ఆమె కోళ్లకు మేతవేసి, మంచు కురిసినప్పుడు వాకిలి త్రవ్వి శుభ్రపరుపవలెను. ఆ బాలుని పేరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1896 నుండి 1900 వరకు అతడు గ్రోటనులో చదివెను. పిమ్మట 1933లో అమెరికా అధ్యక్షుడాయెను.

ఇచ్చట మనము సత్యము చెప్పవలెను. విద్యార్థులు ఆ తల్లి వాకిట మంచు త్రవ్విరి గాని, ఆమె జాతి బిడ్డ యెవడును వారి తరగతిలో వారి ప్రక్కను కూర్చుండలేదు. పీబడీ జీవితకాలమంతయు అట్లే గడచెను. బీదలకు సేవచేయుట ఆయన నేర్పెను. బీదలను తన బల్లయొద్ద కూర్చుండబెట్టుట ఆయనవలన కాలేదు. అంతేకాదు, పాఠశాలలో పెద్ద విద్యార్థులు చిన్నవారిని నీళ్లధారక్రింద ముంచి శిక్షించు కఠినాచారమును ఆయన సహించెను. ఆటలలో నేర్పులేని బాలునికి, అందరివలె నుండని బాలునికి అచ్చట జీవితము భారముగా నుండెను. దైవజనులయందు కూడ వారి కాలపు దోషములు ఉండునని గ్రహించుట మనకు మేలు.

ఆయన విత్తిన విత్తనము ఎట్లు పండెను? కొంత రాతినేలను పడెను. విద్యార్థులలో బహుమంది తండ్రులవలెనే బ్యాంకులకు, వర్తకమునకు మరలిపోయిరి. పాఠశాలలో మంచిపేరు పొందిన రిచర్డ్ విట్నీ 1930లో న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజికి అధ్యక్షుడాయెను. అయితే అతడు ఇతరుల సొమ్ము అపహరించెను. సభ్యుల విధవలకును, అనాథలకును ఉద్దేశింపబడిన నిధినికూడ ముట్టెను. 1938లో అతడు సింగ్‌సింగ్ చెరసాలకు పంపబడెను. ఒక విద్యార్థి విధవరాలి వాకిట మంచు త్రవ్వెను, మరియొకడు విధవల సొమ్ము తీసికొనెను. ఇద్దరును ఒకే దేవాలయములో ఒకే ప్రసంగికుని మాటలు వినినవారే. 80 ఏండ్లు దాటిన వృద్ధుడైన పీబడీ ఆ చెరసాలకు వెళ్లి తన పాత శిష్యుని చూచెను. మత్తయి 25వ అధ్యాయము ఆయనకు ప్రసంగము మాత్రమే కాదు.

రూజ్‌వెల్టుతో ఆయనకు గల బంధము జీవితాంతము నిలిచెను. 1905 మార్చి 17న ఫ్రాంక్లినుకును ఎలియనారుకును వివాహము జరిపించినవాడు ఆయనే. 1921లో ఫ్రాంక్లిను కాళ్లు పక్షవాతముచేత చచ్చుబడెను. 1933 మార్చి 4న అధ్యక్షుడుగా ప్రమాణము చేయుటకు ముందు ఆయన దేవాలయమునకు వెళ్లగా, అచ్చటి ఆరాధనలో పాలుపొందుటకు పాత గురువు పిలువబడియుండెను. విచిత్రమేమనగా, 1932 ఎన్నికలలో పీబడీ రూజ్‌వెల్టుకు కాక, అతని ప్రత్యర్థియైన హూవరుకు ఓటువేసెను. అయినను ప్రేమ చెడలేదు. నిరుద్యోగులకు పని, వృద్ధులకు భృతి కల్పించు చట్టములను రూజ్‌వెల్టు తెచ్చినప్పుడు, గ్రోటను పూర్వవిద్యార్థులలో అనేకులు అతనిని తమ వర్గమునకు ద్రోహియని దూషించిరి. ఆ దూషణను పీబడీ ఆమోదింపలేదు. రాజకీయమున భేదించినను మనుష్యుని ప్రేమించుట ఎట్లో ఆయన చూపెను.

1940లో పీబడీ పదవీ విరమణ చేసెను. 1944 నవంబరు 17న గ్రోటనులోనే, 87వ యేట, ప్రభువునందు నిద్రించెను. 1945 జనవరి 20న రూజ్‌వెల్టు నాలుగవసారి ప్రమాణము చేసి ప్రసంగించినప్పుడు, లోకయుద్ధము ఇంకను సాగుచుండగా, తన పాత గురువును పేరుపెట్టి తలంచుకొనెను. జీవితము ఎల్లప్పుడు సాఫీగా సాగదనియు, ఎక్కుట, దిగుట రెండును ఉండుననియు, అయినను మానవుల నడక మొత్తముమీద పైకే సాగుననియు గురువు నేర్పిన పాఠమును ప్రజలకు జ్ఞాపకము చేసెను. మూడు నెలలు గడువకమునుపే, ఏప్రిలు 12న, శిష్యుడును కన్నుమూసెను.

పీబడీ తెరువని తలుపు తరువాత తెరువబడెను. ఆయన శిష్యుడును, ఆయన స్థానమున నిలిచినవాడునైన రెవరెండు జాన్ క్రాకర్ కాలమున, 1950ల ఆరంభమందు, నల్లజాతి విద్యార్థి గ్రోటనులో చేర్చుకొనబడెను. 1965లో మార్టిన్ లూథర్ కింగు బోస్టనులో ఊరేగింపు నడిపించినప్పుడు క్రాకరు తన విద్యార్థులను వెంటబెట్టుకొని అందులో నడిచెను. 1975లో బాలికలకును ఆ పాఠశాలలో చోటు దొరికెను. గురువు తాను చేరలేని చోటికి ఆయన నేర్పిన వాక్యమే శిష్యులను చేర్చెను.

ప్రియులారా, మనము ధనికులము కాము, మనకు ఎక్కువ ఇయ్యబడలేదు అని తప్పించుకొనవద్దు. మన తాతలకు అక్షరము లేదు, మనకున్నది. ఒకప్పుడు బడి మెట్లు ఎక్కనియ్యబడనివారి బిడ్డలు నేడు ఉపాధ్యాయులు, దాదులు, గుమాస్తాలు అయిరి. వారు తమ వెనుక మిగిలినవారిని జ్ఞాపకము చేసికొనుచున్నారా? మన బిడ్డ చేతికి రూపాయి ఇచ్చినప్పుడు, అందులో దేవుని పాలు ఎంతయో నేర్పుచున్నామా?

మరియొక ప్రశ్న కలదు. క్రిస్మసునాడు మనము బీదలకు బట్టలు పంచుదుము. మంచిదే. అయితే వారు మన పెండ్లిపందిటిలో ఏ వరుసలో కూర్చుందురు? మన సంఘములో మనకంటె తక్కువవారని యెంచబడినవారి బిడ్డను మన బిడ్డ ప్రక్కను కూర్చుండనిత్తుమా? వాకిట మంచు త్రవ్వుట సేవ. బల్లయొద్ద చోటిచ్చుట సహోదరత్వము. యాకోబు మనలను అడుగునది ఈ రెండవదే.

ప్రార్థన: ప్రభువా, మాకు నీవిచ్చినది మాకొరకే కాదని మాకు తెలియజేయుము. మా గురువులను బలపరచుము. చెరలో నున్న మా శిష్యులను, బిడ్డలను మరువని ప్రేమను మాకు దయచేయుము. మేము మూసియుంచిన తలుపులను మా జీవితకాలములోనే తెరచుటకు కృప ననుగ్రహించుము. ఆమేన్.