యూజెన్ శాండో

యూజెన్ శాండో (ఏప్రిల్ 2, 1867 - అక్టోబర్ 14, 1925) సుప్రసిద్ధ బలశాలి, వ్యాయామ శిక్షకుడు. ఆధునిక దేహదారుఢ్య విద్యకు ఆద్యుడిగా ఈయనను పేర్కొంటారు. బలం పుట్టుకతో వచ్చే వరమని, దానిని చూసి ఆనందించడమే సామాన్యుల వంతని భావించే రోజులలో, క్రమపద్ధతిలో సాధన చేస్తే ఎవరైనా దేహాన్ని తీర్చిదిద్దుకోవచ్చని ప్రచారం చేశాడు.

బాల్యము, తొలి జీవితము

శాండో అప్పటి ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. ఈ నగరం ఇప్పుడు రష్యాలో కాలినిన్‌గ్రాడ్ పేరుతో ఉన్నది. ఈయన అసలు పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ ముల్లర్. బాల్యంలో తాను బలహీనుడినని, తండ్రితో ఇటలీ వెళ్ళినప్పుడు చూసిన ప్రాచీన శిల్పాలే తనలో దేహసాధనపై ఆసక్తి కలిగించాయని ఈయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. యువకుడిగా సర్కస్‌లలో పనిచేస్తూ, అట్టిలా అనే పేరుతో ప్రసిద్ధుడైన లుడ్విగ్ డుర్లాకర్ వద్ద శిక్షణ పొందాడు.

ప్రదర్శనలు

1889లో లండన్‌లో, అప్పటికే పేరుపొందిన సాంప్సన్ అనే బలశాలిని పోటీలో ఓడించడంతో శాండో పేరు ఇంగ్లాండు అంతటా మారుమ్రోగింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ నిర్వహణలో ఆ నగరంలో ప్రదర్శనలిచ్చాడు. బరువులెత్తడం కంటే ఈయన కండరాల సౌష్ఠవమే ప్రేక్షకులను ఎక్కువగా ఆకర్షిస్తున్నదని జీగ్‌ఫెల్డ్ గ్రహించి, దానికే ప్రాధాన్యమిచ్చాడు. 1894లో ఎడిసన్ స్టూడియోలో ఈయనపై ఒక లఘుచిత్రం తీశారు.

శిక్షకుడిగా

1897లో శాండో లండన్‌లోని సెయింట్ జేమ్స్ వీధిలో వ్యాయామ విద్యాలయాన్ని ప్రారంభించాడు. అదే సంవత్సరం "స్ట్రెంగ్త్ అండ్ హౌ టు అబ్టైన్ ఇట్" అనే గ్రంథం వెలువడింది. వయసును బట్టి ఎంత బరువుతో, ఎన్నిసార్లు వ్యాయామం చేయాలో అందులో పట్టికలుగా ఇచ్చాడు. 1898లో ఒక వ్యాయామ పత్రికను స్థాపించాడు. దూరప్రాంతాలవారు తమ కొలతలు వ్రాసి పంపితే, వారికి తగిన వ్యాయామాలను తపాలా ద్వారా సూచించే ఏర్పాటు కూడా ఉండేది.

తేలికపాటి డంబెళ్ళతోనైనా, మనసును కదులుతున్న కండరంపై నిలిపి చేస్తేనే ఫలితం దక్కుతుందన్నది ఈయన సిద్ధాంతం. ఇందుకోసం స్ప్రింగుల డంబెల్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. దాని రెండు సగాలను వ్యాయామం ముగిసేవరకు పిడికిలితో నొక్కి పట్టాలి కనుక ఏకాగ్రత సడలదు. అయితే ఈ సిద్ధాంతంపై విమర్శలు కూడా ఉన్నాయి. శాండో స్వయంగా భారీ బరువులతో సాధన చేసి బలం సంపాదించి, ఇతరులకు మాత్రం తేలిక డంబెళ్ళు అమ్మాడని విమర్శకులు ఆక్షేపించారు. వ్యాయామంతో అనేక వ్యాధులు నయమవుతాయన్న ఈయన ప్రచారం కూడా అతిశయోక్తితో కూడినదే.

1901 సెప్టెంబర్ 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో తన పద్ధతిలో సాధన చేసినవారికి దేహదారుఢ్య పోటీ నిర్వహించాడు. శిల్పి చార్లెస్ లాస్, రచయిత ఆర్థర్ కోనన్ డోయల్ న్యాయనిర్ణేతలుగా వ్యవహరించారు. కండల పరిమాణం కంటే అవయవాల పొందికకే ఎక్కువ విలువనిచ్చిన ఈ పోటీలో నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే విజేతగా నిలిచాడు.

భారతదేశంతో సంబంధము

1904-05లో శాండో భారతదేశంలో పర్యటించి కలకత్తా, బొంబాయి మొదలైన నగరాలలో ప్రదర్శనలిచ్చాడు. క్రమంగా ఈయన పేరు బలశాలికి పర్యాయపదమైంది. వీరఘట్టంలో జన్మించిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడును ఇండియన్ శాండో అని పిలిచేవారు. చేతులు లేని బనియనును నేటికీ శాండో బనియన్ అనే అంటారు.

చివరి రోజులు

1911లో బ్రిటిష్ చక్రవర్తి ఐదవ జార్జి ఈయనను తన వ్యాయామ ఆచార్యుడిగా నియమించాడు. అయితే మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈయన కోకో వ్యాపారం దివాలా తీసింది. 1925లో, 58 సంవత్సరాల వయసులో, లండన్‌లో మరణించాడు. గోతిలో పడిన కారును ఒంటరిగా పైకెత్తడం వల్ల చనిపోయాడన్న కథ ప్రచారంలో ఉన్నా, బృహద్ధమని వాపు కారణమని అధికారికంగా నమోదైంది. పుట్నీ వేల్ శ్మశానవాటికలో ఈయన సమాధిపై పేరు వ్రాయించడానికి భార్య బ్లాంచ్ ఇష్టపడలేదు. దానితో లక్షలాది మందికి తెలిసిన వ్యక్తి సమాధి దశాబ్దాల పాటు గుర్తు లేకుండా ఉండిపోయింది. 2002లో ఒక అభిమాని అక్కడ ఫలకం ఏర్పాటు చేశాడు. మిస్టర్ ఒలింపియా పోటీ విజేతకు 1977 నుండి శాండో రూపంలోని ప్రతిమను బహూకరిస్తున్నారు.